పదహారు కిలోల అడవి

1912 ఫిబ్రవరి 8. అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమానీనదం. బక్లీ కొండ కింద, నిట్టనిలువు ఇసుకరాతి గోడల పక్కన ఐదుగురు మనుషులు స్లెడ్జి ఆపారు.

ఆగాల్సిన రోజు కాదది. దక్షిణ ధ్రువం దగ్గర తమకన్నా నెల ముందే ఆముండ్‌సెన్ వచ్చి వెళ్ళిన ఆనవాళ్ళు చూసి తిరిగొస్తున్నారు. ముందురోజు డిపోలో లెక్క చూసుకుంటే ఒక రోజుకు సరిపడా బిస్కట్లు తక్కువ వచ్చాయి. ఎడ్గర్ ఎవాన్స్ వేళ్ళ గోళ్ళు చలికి ఊడిపోతున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్‌కు కాలి నరం బెణికి స్కీలు వేసుకోవడం కుదరడం లేదు. తీరంలోని స్థావరం ఇంకా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా కెప్టెన్ స్కాట్ ఆ పూటకు నడక చాలించి గుడారం వేయమన్నాడు. మిగిలిన పగలంతా రాళ్ళు చూడటానికే.

14 వారాలుగా వాళ్ళ కాళ్ళ కింద మంచు, కళ్ళ ముందు మంచు. ఆ మధ్యాహ్నం గాలి తగలని చోటు దొరికింది. కొండల నుంచి హిమానీనదం గీకి తెచ్చి అంచున కుప్పపోసిన బండల మధ్య వాళ్ళు చాలాకాలానికి రాతి మీద కాలు పెట్టారు. తలెత్తితే ఇసుకరాతి గోడలో నల్లటి చారలు. బొగ్గు. 1908 డిసెంబర్‌లో షాకిల్‌టన్ బృందంలోని ఫ్రాంక్ వైల్డ్ ఈ ప్రాంతంలోనే బొగ్గు చూశాడు. బొగ్గు ఉందంటే ఒకప్పుడు ఇక్కడ చెట్లు ఉండేవి. ఏ చెట్లన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

విల్సన్ వైద్యుడు, పక్షుల శాస్త్రవేత్త, అన్నిటికీ మించి చిత్రకారుడు. చూసినదాన్ని గీయడం అలవాటైన కళ్ళు కావడంతో ఇతరులు దాటిపోయే గీతను ఆయన పట్టుకునేవాడు. బెణికిన కాలితోనే ఆ బండల మధ్య తిరిగాడు. పలకలుగా విడిపోతున్న నల్లటి రాళ్ళను పొర పొరగా విప్పాడు. ఒక పొరలో ఆకు. దాని కింద మరో ఆకు. నడిమి ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ అల్లుకున్న సన్నటి ఈనెలు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మరికొన్ని రాళ్ళలో లావుపాటి కాండాల అచ్చులు. ఆ ఉదయమే డార్విన్ కొండ దాకా స్కీల మీద వెళ్ళిన, బృందంలోని బవర్స్ అక్కడి రాళ్ళు తెచ్చాడు. మరునాడు కూడా దారి పొడవునా ఏరుతూ నడిచారు. ఏరినవన్నీ స్లెడ్జి మీదకు చేరాయి. బరువు 35 పౌన్లు. మన లెక్కలో దాదాపు 16 కిలోలు.

తర్వాతి కథ ప్రపంచానికి తెలిసిందే కాబట్టి తొందరగా చెబుతాను. ఫిబ్రవరి 17న హిమానీనదం పాదం దగ్గర ఎవాన్స్ చనిపోయాడు. మార్చి మధ్యలో, నడవలేని తన వల్ల మిగతావాళ్ళు ఆగిపోకూడదని బృందంలోని ఐదోవాడు ఓట్స్ మంచుతుఫానులోకి వెళ్ళిపోయాడు. స్కాట్, విల్సన్, బవర్స్ తిండి దాచిన తర్వాతి డిపోకు 11 మైళ్ళ దూరంలో గుడారంలోనే ఆగిపోయారు. స్కాట్ డైరీలో చివరి తేదీ మార్చి 29.

నవంబర్ 12న అట్కిన్‌సన్ నాయకత్వంలో వెతుకుతూ వచ్చిన బృందానికి ఆ గుడారం కనిపించింది. లోపల మూడు దేహాలు, డైరీలు, ఇళ్ళకు రాసిన ఉత్తరాలు. బయట మంచులో కూరుకుపోయిన స్లెడ్జిని తవ్వి తీస్తే దాని మీద రాళ్ళ మూట అలాగే ఉంది. బరువు తగ్గించుకోవడానికి దారిలో వస్తువులు వదిలేసిన మనుషులు దీన్ని మాత్రం వదల్లేదు.

ఆ బరువే వాళ్ళను చంపిందని తర్వాత కొందరు రాశారు. నేను నమ్మను. మార్చిలో ఊహించని చలి, డిపోల్లో తగ్గిపోయిన కిరోసిన్, చాలని తిండి, ఇవి చంపాయి. ఆ రాళ్ళ విలువ విల్సన్‌కు తెలుసు. ఆ విలువను ఆయన కూడా తక్కువగానే అంచనా వేశాడని తర్వాతి శతాబ్దం తేల్చింది.

1913లో టెర్రా నోవా ఓడ ఆ మూటను బ్రిటన్ చేర్చింది. కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడు ఆల్బర్ట్ చార్లెస్ సీవర్డ్ ఆకులను పరిశీలించి 1914లో నివేదిక అచ్చువేశాడు. అందులో ఆయన గుర్తించిన ఆకు గ్లోసాప్టెరిస్ ఇండికా. ధ్రువానికి దాదాపు 560 కిలోమీటర్ల దూరంలో దొరికిన ఆకుకు అప్పటికే భారతదేశం పేరు ఉంది! ఎందుకంటే ఈ జాతి ఆకులను 1828లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోన్యార్ గుర్తించిందే భారత్, ఆస్ట్రేలియాల నుంచి వెళ్ళిన రాళ్ళలో. తర్వాత దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో కూడా దొరికింది. ఇది విత్తనంతో మొలిచే చెట్టు. మహాసముద్రాలు దాటి ఎగిరిపోయే విత్తనం కాదు. మరి అన్ని చోట్లకూ ఎలా చేరింది?

స్కాట్ బృందం ధ్రువం వైపు నడుస్తున్న రోజుల్లోనే, 1912 జనవరి 6న, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే యువ శాస్త్రవేత్త ఖండాలు కదులుతాయని ఒక సభలో ప్రతిపాదించాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆయన వాదానికి బలమైన సాక్ష్యం నెల తిరగ్గానే విల్సన్ చేతికి దొరికిందని ఆ ఇద్దరిలో ఎవరికీ తెలిసే దారి లేదు. భారతదేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకప్పుడు కలిసే ఉన్నాయి. మన తూర్పు కనుమల రాళ్ళకు కొనసాగింపు ఇవాళ తూర్పు అంటార్కిటికాలో కనిపిస్తుంది. ఆ మహాఖండాన్ని గోండ్వానా అంటున్నాం. మధ్య భారతంలోని గోండుల నేలలో మొదట గుర్తించిన రాళ్ళ నుంచి వచ్చిన పేరది.

ఆ రాళ్ళు కేంబ్రిడ్జ్ చేరిన సమయానికి సీవర్డ్ దగ్గర ఒక భారతీయ విద్యార్థి చదువుకుంటున్నారు. ఆయనే బీర్బల్ సాహ్నీ. 1920లో గురుశిష్యులిద్దరూ భారత గోండ్వానా మొక్కల శిలాజాలను తిరిగి పరిశీలించి కలిసి ఒక గ్రంథం వెలువరించారు. పురావృక్షశాస్త్రానికి ప్రత్యేక సంస్థ ఉండాలని 1946లో లక్నోలో దాన్ని స్థాపించిన సాహ్నీ, 1949 ఏప్రిల్‌లో నెహ్రూ దాని భవనానికి శంకుస్థాపన చేసిన వారం రోజులకే కన్నుమూశారు. గోదావరి లోయ రాళ్ళలోని పుప్పొడి చదివింది ఆ సంస్థ శాస్త్రవేత్తలే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇప్పుడు ఆ ఆకు ఇంకా చెట్టు మీద ఉన్న కాలానికి వెళదాం.

25 కోట్ల ఏళ్ళకు పైచిలుకు వెనక్కి. పెర్మియన్ యుగం చివర. బియర్డ్‌మోర్ అప్పుడు కూడా ధ్రువానికి దగ్గరలోనే ఉంది, కానీ మంచు లేదు. వంకలు తిరిగే నదులు, వాటి ఒడ్డున చిత్తడి నేలలు, నీళ్ళలో వేళ్ళు పెట్టి నిలబడ్డ ఎత్తయిన చెట్లు. వేరు లోపల గాలి గదులున్నాయి, బురదలో ఊపిరాడటానికి. ఆకు మన మామిడాకులా పొడవుగా ఉంటుంది, కొన్ని మూర దాకా కూడా సాగేవి. వేసవిలో నెలల తరబడి సూర్యుడు అస్తమించడు. చెట్టు ఆగకుండా పెరుగుతుంది. ఆ తర్వాత నెలల తరబడి చీకటి. శిలాజమైన మానుల్లో వార్షిక వలయాలు దీన్ని చెబుతాయి. వెడల్పయిన పెరుగుదల, ఆ వెంటనే కత్తితో కోసినట్టు ఆగిపోయిన గీత. చీకటికి ముందు చాలా చెట్లు ఆకు రాల్చేవి. కొన్ని రాళ్ళలో ఆకుల మీద ఆకులు పరుచుకుని దొరకడానికి కారణం అదే. విల్సన్ విప్పిన పొరలు అలాంటి ఆకురాలు కాలాలవి.

రాలిన ఆకు, కూలిన మాను నీళ్ళలో మునిగి కుళ్ళకుండా పేరుకుపోయేవి. గాలిలోంచి చెట్టు తీసుకున్న కార్బన్ మళ్ళీ గాలిలోకి వెళ్ళకుండా బురదలో పడి ఉండేది. ఆ పొరలే బొగ్గయ్యాయి. ఇది ఒక చోట కాదు, గోండ్వానా అంతటా కోట్ల ఏళ్ళు జరిగింది. మన గోదావరి లోయలో కూడా.

25 కోట్ల 20 లక్షల ఏళ్ళకు పైగా కిందట, భూగోళం అవతలి కొసన, ఇప్పటి సైబీరియాలో నేల పగిలింది.

అగ్నిపర్వతం అనగానే మనకు శంకువులాంటి కొండ గుర్తొస్తుంది. ఇది అది కాదు. పొడవాటి పగుళ్ళలోంచి కరిగిన రాయి పొంగి లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. ఎన్నో వేల తరాలకు సరిపడా కాలం పొంగుతూనే ఉంది. మన దక్కన్ పీఠభూమి నల్లరాయి, రాజమండ్రి దగ్గర గౌరీపట్నం క్వారీల్లో కొట్టే రాయి కూడా ఇలాంటి పొంగు నుంచి వచ్చినవే, అయితే చాలా తర్వాతి కాలానివి. సైబీరియాలో ఘోరం ఏమిటంటే, పైకి వచ్చే దారిలో ఆ కరిగిన రాయి పాత బొగ్గు పొరల్లోంచి, ఉప్పు పొరల్లోంచి దూరింది. వాటిని లోలోపలే కాల్చింది. బొగ్గులోని కార్బన్ గాలిలో కలిసింది. కెనడా ఆర్కిటిక్‌లో ఆ కాలపు రాళ్ళలో దొరికిన మసి రేణువులు అలా కాలిన బొగ్గువేనని 2011లో పరిశోధకులు ప్రకటించారు.

ఎంత కార్బన్? ఆ కాలపు ఆకు శిలాజాలలోనే దానికి లెక్క దాగి ఉంది. నైరుతి చైనాలో దొరికిన ఆకుల కార్బన్‌ను కొలిచి 2021లో ఒక బృందం అంచనా కట్టింది. ఆ కాలపు జీవజాతుల విలయానికి ముందు పది లక్షల పాళ్ళ గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 426 పాళ్ళు. దాదాపు 75 వేల ఏళ్ళలో అది 2,500 పాళ్ళ దాకా ఎగబాకింది. ఆ మొదటి అంకె చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ఇవాళ మనం పీలుస్తున్న గాలిలో ఉన్నది ఇంచుమించు అంతే. రెండున్నర శతాబ్దాల కిందట అది 280.

సిడ్నీకి ఉత్తరాన సముద్రపుటంచు కొండచరియల్లో ఆ అడవి చివరి రోజులు నిలువునా కనిపిస్తాయి. కింద బొగ్గు, నిండా గ్లోసాప్టెరిస్. దాని పైన ఒక్కసారిగా బొగ్గు ఆగిపోతుంది. ఆ ఆకు మళ్ళీ కనిపించదు. ఆ గీతకు పైన ఒక సన్నటి పొర. అందులో పుప్పొడి దాదాపు లేదు, కాలిన కట్టె ముక్కలు ఉన్నాయి. చిత్తడి అడవి కూడా అంటుకుందన్నమాట. ఇంకా పైన, చెరువులూ కుంటలూ నాచుతో, సూక్ష్మజీవులతో నిండిపోయిన ఆనవాళ్ళు. వేడెక్కిన నీళ్ళలోకి కొట్టుకొచ్చిన మట్టి ఎరువు వేసింది, తినే జీవులు లేవు. చేపలు బతికే నీళ్ళు కావవి.

ఇక్కడ కాలక్రమం చూడాలి. ఆ అడవి కూలింది 25 కోట్ల 23 లక్షల ఏళ్ళ కిందట అని 2019లో తేల్చారు. సముద్రాల్లో పదింట ఎనిమిది తొమ్మిది జాతులు తుడిచిపెట్టుకుపోయిన అసలు విలయం దానికి మరో 3 లక్షల 70 వేల ఏళ్ళ తర్వాతిది. అంటే దక్షిణ ధ్రువపు చల్లదనానికి అలవాటుపడ్డ చెట్లు ముందుగా పోయాయి, సైబీరియా పొంగు ఇంకా తొలి దశలో ఉండగానే. విలయం గురించి రాసేవాళ్ళు సముద్రం నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ, గుల్లలూ పగడాలూ బాగా దొరుకుతాయి కాబట్టి. గోండ్వానాలో మాత్రం మొదటి చావు అడవిది.

చెట్టు పోతే నేల ఏమవుతుందో దక్షిణాఫ్రికాలోని కరూ రాళ్ళు చెబుతాయి. అడవి ఉన్నంతకాలం అక్కడి నదులు లోతుగా, వంకలు తిరుగుతూ ప్రవహించాయి. ఒడ్లను వేళ్ళు పట్టి ఉంచేవి. విలయపు గీత దాటగానే రాళ్ళ తీరు మారిపోతుంది. ఒడ్డు నిలవని పాయలు, ఇసుక మేటలు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మట్టి. వేరు లేని నేలలో నది తన దారిని తాను కాపాడుకోలేకపోయింది.

అసలు ప్రశ్న ఇది. పొంగు ఆగింది. భూమి మళ్ళీ చల్లబడటానికి ఎందుకంత కాలం పట్టింది? ఉష్ణమండల సముద్రాలు 40 డిగ్రీలకు చేరువైన ఆ వేడి దాదాపు 50 లక్షల ఏళ్ళు తగ్గలేదు. 2025లో లీడ్స్ విశ్వవిద్యాలయం, వూహాన్‌లోని చైనా భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం పరిశోధకులు శిలాజాల ఆధారంగా అప్పటి వృక్షసంపద పటాలు గీసి, వాటిని వాతావరణ నమూనాలో పెట్టి చూశారు. సమాధానం అడవి దగ్గరే దొరికింది. ఉష్ణమండలపు అడవులు కూడా కూలిపోవడంతో గాలిలోంచి కార్బన్ తీసుకునేవాళ్ళు లేకపోయారు. వేళ్ళు రాళ్ళను పగలగొట్టి చేసే రసాయనిక పని మందగించింది. బురదలో కార్బన్ పాతిపెట్టడం ఆగిపోయింది. వేడి అడవిని చంపింది, అడవి లేకపోవడం వేడిని నిలబెట్టింది.

ఈ సంగతిని నేను పదే పదే చెప్పాలనుకుంటాను. విలయం కథల్లో మొక్కను ఎప్పుడూ నేపథ్యంగా చూపిస్తారు. పెద్ద జంతువు చనిపోతుంది, వెనకాల చెట్లు కాలుతుంటాయి. వాస్తవంలో చెట్టే ప్రధాన పాత్ర. అది నిలబడితే వాతావరణం కుదుటపడుతుంది, పడిపోతే ఇంకేదీ ఆ పని ఆ వేగంతో చేయలేదు.

భూమి మీద ఎక్కడా బొగ్గు పుట్టని కాలం ఒకటుంది. పెర్మియన్ తర్వాత వచ్చిన ట్రయాసిక్ యుగం మొదటి భాగంలో దాదాపు కోటి ఏళ్ళు, ఏ ఖండంలోనూ బొగ్గు పొర లేదు. 1996లో గ్రెగ్ రిటలాక్ తదితరులు ఈ ఖాళీని గురించి విపులంగా రాశారు. చిత్తడిలో బతికి పీట్‌గా, అంటే బొగ్గుకు తొలి రూపంగా, మారే మొక్కలన్నీ పోయాయి, వాటి చోటు తీసుకోగల మొక్కలు పుట్టడానికి అంత కాలం పట్టింది. ముందు ఫెర్నులు, నేలబారు మొక్కలు వచ్చాయి. తర్వాత గోండ్వానాలో డైక్రోయిడియం అనే చీలిన ఆకు చెట్టు పెరిగింది. బియర్డ్‌మోర్ ప్రాంతంలోనే, ఫ్రీమౌ శిఖరం మీద, ట్రయాసిక్ మధ్యకాలపు పీట్ సిలికాతో గట్టిపడి కణాలతో సహా దొరికింది. అడవి తిరిగి వచ్చింది, గ్లోసాప్టెరిస్ మాత్రం రాలేదు.

ఇప్పుడు గోదావరి లోయ. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు గుర్తించాడు. అక్కడి నుంచి కొత్తగూడెం, మందమర్రి, రామగుండం, భూపాలపల్లి. తట్టా చెమ్మస్ పట్టి భూమిలోకి దిగిన తాతల నుంచి ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే మనవళ్ళ దాకా ఈ ప్రాంతం బతికింది గ్లోసాప్టెరిస్ మీదే. విల్సన్ ఆకుల కన్నా ఈ బొగ్గు ఇంకా పాతది, ఆ అడవి తొలి వైభవకాలంది. బొగ్గు పొరకు పైనున్న రాతి పలకల్లో ఆ ఆకు అచ్చులు దొరుకుతాయి. ఆసిఫాబాద్ వైపు గోలేటి దగ్గర ఆ అడవుల కాలపు శాకాహార జంతువు ఎండోథియోడాన్ ఎముకలు బయటపడ్డాయి.

ఈ లోయలో విలయపు గీత కళ్ళకు సులువుగా కనిపించదు. బొగ్గు కోసం వేసిన బోర్ల నుంచి తీసిన రాతి కడ్డీలను చిన్న ముక్కలు చేసి, ఆమ్లాల్లో కరిగించి, మిగిలిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాలి. లక్నో శాస్త్రవేత్తలు చింతలపూడి వైపు బోర్లలో ఆ పని చేశారు. కింద పొరల్లో గ్లోసాప్టెరిస్ చెట్ల పుప్పొడి, రెండు రెక్కలతో, మధ్యలో చారలతో, దండిగా ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ అది తగ్గుతూ ట్రయాసిక్ రకాలు చేరతాయి. ఆ పై రాళ్ళలో బొగ్గు లేదు.

2023-24లో ఈ లోయ గనుల నుంచి సింగరేణి సంస్థ 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. కొత్త బొగ్గు పుట్టని కోటి ఏళ్ళ రాళ్ళు అదే లోయలో, ఆ బొగ్గుకు పైనున్న పొరల్లోనే ఉన్నాయి.